ఎదురు వచ్చువాని కన్ను: మోటారు దీపముల కథ

మన పల్లెలలో రాత్రివేళ ప్రయాణమైన రెండెడ్ల బండి ఇరుసు క్రింద ఒక లాంతరు వ్రేలాడుచుండెడిది. అది దారి చూపుటకు కట్టిన దీపమని చాలమంది అనుకొందురు. నిజమునకు దాని వెలుగు ఎడ్ల కాళ్ళను దాటి ముందునకు పోదు. దారి ఎడ్లకు తెలియును. బండివాడు సగము నిద్రలో ఉండును. ఇచ్చట ఒక బండి కలదు, తప్పుకొని పొండని ఇతరులకు తెలుపుటయే ఆ లాంతరు చేయు పని. దారిని చూచుట ఒకటి, దారిలో చూడబడుట మరొకటి. బండి లాంతరు రెండవ పనిని మాత్రమే చేసి తృప్తిపడినది.

మోటారుకారు వచ్చిన తరువాత మొదటి పని ముఖ్యమైనది. దానితోపాటు పూర్వము ఎవరును ఎరుగని మూడవ బాధ్యత యొకటి వచ్చి పడినది. మన దీపము ఎదురు వచ్చువాని కన్నును పోగొట్టరాదు. మోటారు దీపముల చరిత్ర యంతయు ఈ మొదటి పనికిని మూడవ బాధ్యతకును నడుమ నూరేండ్లకు పైగా సాగిన బేరసారముల చరిత్రయే. ఆ చరిత్రను నేడు చెప్పుకొనుటకు ఒక కారణము కలదు.

కొలది మాసముల క్రిందట మా మేనల్లుడు ఒక అట్టపెట్టెతో మా ఇంటికి వచ్చెను. అతని కారు ఎనిమిదేండ్ల నాటిది. రాత్రివేళ దాని దీపములు చాలుట లేదని అతని ఫిర్యాదు. బజారులో జెనాన్ దీపముల సెట్టు కొనితెచ్చి, "మామయ్యా, దీనిలో 4300 అనియు, 6000 అనియు, 8000 అనియు రకములున్నవట. నేను 6000 తెచ్చితిని. 8000 అయినచో ఇంకను వెలుగు వచ్చెడిదా?" అని అడిగెను. ఆ ప్రశ్నకు ఒక్క మాటలో బదులు చెప్పవచ్చును. కాని ఒక్క మాటలో చెప్పిన బదులును కుర్రవారు వినరు. అందుచే కథను మొదటినుండి చెప్పవలసి వచ్చెను. ఆ కథనే శ్రోతలకును వినిపించుచున్నాము.

జర్మనీలో కార్ల్ బెంజ్ తన మూడు చక్రముల మోటారు బండికి హక్కుపత్రము పొందినది 1886లో. ఆ తొలి బండ్లు గుఱ్ఱపు బండ్ల సంతతి గనుక వాటి దీపములును గుఱ్ఱపు బండ్ల దీపములే. కొన్నిటిలో కొవ్వొత్తి, కొన్నిటిలో నూనె వత్తి. గుఱ్ఱము పరుగును మించని వేగమునకు ఆ వెలుగు చాలెడిది. వేగము పెరిగినకొలది చాలకపోయినది. నేడు గంటకు 80 కిలోమీటర్ల వేగముతో పోవు కారు ఒక్క క్షణములో 22 మీటర్లు సాగిపోవును. అపాయమును చూచి, కాలు బ్రేకుపై పెట్టి, బండి పూర్తిగా నిలుచుసరికి సుమారు 60 మీటర్ల దారి గడచును. దీపము అంత దూరము చూపనిచో మనము గ్రుడ్డివారమై పోవుచున్నట్లే లెక్క.

నూనె దీపము తరువాత కార్బైడు దీపము వచ్చినది. సున్నమును బొగ్గును విద్యుత్ కొలిమిలో కాల్చి కాల్షియము కార్బైడును చౌకగా చేయు విధానము 1892 ప్రాంతమున తెలిసినది. కార్బైడు మనవారికి క్రొత్త కాదు. మామిడికాయలను మగ్గబెట్టుటకు దానిని వాడి చట్టముచేత నిషేధింపబడినవారు మన బజారులలోనే కలరు. ఆ గడ్డపై నీటి చుక్కలు పడినచో ఎసిటిలీన్ అను వాయువు పుట్టును. దానిని వెలిగించినచో తెల్లని జ్వాల వచ్చును. కారు పార్శ్వమున ఒక ఇత్తడి పాత్ర, అందులో పైన నీరు, క్రింద కార్బైడు, అచ్చటనుండి దీపమునకు ఒక రబ్బరు గొట్టము, జ్వాల వెనుక అద్దము. ఇదియే ఆనాటి ఏర్పాటు. గాలికి వానకు ఈ జ్వాల నూనె దీపమువలె త్వరగా ఆరిపోదు.

ఈ దీపములతో ధనము గడించిన వారిలో ఫ్రాన్సు దేశీయుడు లూయీ బ్లేరియో ఒకడు. మోటారుకార్లకు ఎసిటిలీన్ దీపములు చేసి అమ్మి, వచ్చిన లాభమును విమానముల ప్రయోగములలో వెచ్చించి, 1909 జూలై 25న ఇంగ్లీషు ఛానెలును విమానముపై దాటిన తొలి మానవుడుగా కీర్తి గాంచెను. అమెరికాలో 1904 నుండి ప్రెస్టొలైట్ అను సంస్థ ఎసిటిలీనును సిలిండర్లలో నింపి అమ్మనారంభించెను. నీరు, కార్బైడు కలుపుకొను శ్రమ తగ్గినది. అయినను ప్రతి సాయంకాలము కారు దిగి అగ్గిపుల్ల గీయవలసిన పని తప్పలేదు.

విద్యుద్దీపము అప్పటికే ఇండ్లలో వెలుగుచుండగా కారులోనికి ఏల ఆలస్యముగా వచ్చినది? తొలి బల్బులలోని తంతువు బొగ్గుతో చేసినది. గతుకుల దారిపై కుదుపులకు తాళలేదు. పైగా కారులో విద్యుత్తును పుట్టించు యంత్రము లేదు. బ్యాటరీ త్వరలో ఖాళీ అగును. 1898లోనే అమెరికాలో కొలంబియా అను విద్యుత్ కారుకు విద్యుద్దీపములు అమర్చిరి గాని అది వాడుకలో వ్యాపించలేదు. 1910 ప్రాంతమున టంగ్‌స్టన్ లోహమును సన్నని తీగగా లాగు విద్య కుదిరిన తరువాత తంతువు గట్టిపడినది. 1912లో కాడిలాక్ కారు చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరుతోను, దానికి జతగా విద్యుద్దీపములతోను వెలువడినది. మరుసటి సంవత్సరము జర్మనీలో బాష్ సంస్థ దీపములు, డైనమో, క్రమపరచు సాధనము కలిసిన సంపూర్ణ సెట్టును విక్రయించెను. అగ్గిపెట్టెతో పని తీరిపోయి, ఒక మీట నొక్కినంతనే వెలుగు వచ్చినది.

వెలుగు సులభమైన మరుక్షణము మూడవ బాధ్యత తలయెత్తినది. ఎదురెదురుగా రెండు కార్లు వచ్చినపుడు ఇద్దరు డ్రైవర్లకును కన్ను కనబడక పోవుచుండెను. దీనికి తొలి ఉపాయములు మొరటువి. 1915లో అమెరికాలో గైడ్ దీపముల సంస్థ దీపమును క్రిందికి వంచు ఏర్పాటును తెచ్చినది. కాని వంచుటకు కారు ఆపి దిగవలెను. 1917 కాడిలాక్‌లో లోపలినుండియే లాగు మీట వచ్చినది. 1925 ప్రాంతమున ఐరోపాలో ఒకే బల్బులో రెండు తంతువులు అమర్చుట వాడుకలోనికి వచ్చినది. ఒక తంతువు దూరమునకు, ఒకటి దగ్గరకు. మన లారీల వెనుక రంగురంగుల అక్షరములతో కనబడు 'రాత్రి డిప్పర్ వాడుడు' అను విన్నపము ఆ రెండు తంతువుల గురించియే.

ఇచ్చట ఒక సూక్ష్మమును గుర్తుంచుకొనవలెను. దగ్గరి వెలుగును ఇచ్చు తంతువు క్రింద చిన్న లోహపు దొప్ప యొకటి ఉండును. ఆ దొప్ప వలన కాంతి వెనుకనున్న పుటాకార దర్పణపు పై సగముపై మాత్రమే పడి, క్రిందికి వంగి రోడ్డుపై పరచుకొనును. తంతువు స్థానము, దొప్ప అంచు, దర్పణపు వంపు, ముందు అద్దముపై గీతలు, ఈ నాలుగును కలిసి ఒక లెక్క ప్రకారము పని చేయును. బల్బు ఒక్కటియే దీపము కాదు. మా మేనల్లుని ప్రశ్నకు బదులు సగము ఈ వాక్యములోనే కలదు.

ఈ లెక్కను కాపాడుటకు రెండు ఖండములు రెండు దారులు పట్టినవి. అమెరికా 1940 నమూనా కార్లనుండి తంతువు, దర్పణము, అద్దము మూడును ఒకటిగా అతికి మూసివేసిన 7 అంగుళముల గుండ్రని దీపమును నిర్ణయించినది. తంతువు కాలిపోయినచో మొత్తము దీపమునే మార్చవలెను. లోపలికి దుమ్ము పోదు, ఎవరును బల్బును తారుమారు చేయలేరు. మంచి రక్షణయే గాని క్రొత్త విద్యలకు తలుపు మూసినట్లైనది. 1983 వరకు అమెరికాలో బల్బును వేరుగా మార్చదగిన దీపములకు అనుమతి దొరకలేదు.

ఐరోపా బల్బును వేరుగా ఉంచి కాంతి ఆకారముపై దృష్టి నిలిపినది. 1957 నుండి అచ్చట అసమాన కాంతి వాడుకకు వచ్చినది. ఎదుటి బండి వచ్చు ప్రక్కన కాంతి అంచు సమముగా క్రిందుగా ఆగిపోవును. మన ప్రక్కన, అనగా పాదచారులు నడచు రోడ్డు అంచు వైపున, కొంచెము పైకి వాలుగా లేచి దూరము చూపును. ఎడమవైపున నడచు మన దేశమున ఆ వాలు ఎడమకు లేవవలెను. కుడివైపున నడచు అమెరికా, జర్మనీ, చైనాల కొరకు చేసిన దీపములో అది కుడికి లేచును. అట్టి దీపమును తెచ్చి మన కారుకు బిగించినచో, రోడ్డు అంచు చీకటిలో ఉండి, ఆ లేచిన వెలుగు సూటిగా ఎదుటి డ్రైవరు కంటిలో పడును.

ఫ్రాన్సు మరియొక ఉపాయము చేసినది. నీలపు పాలు కంటిని ఎక్కువ బాధించునని 1936లో పసుపు వన్నె దీపములను చట్టముగా విధించినది. 1993 వరకు ఆ దేశపు కార్ల దీపములు పసుపుగానే ఉండెను. ఆ ఉపాయము ఎంతవరకు ఫలించినదన్న వాదము ఎట్లున్నను, వెలుగు యొక్క పరిమాణమే కాక వన్నెయును కంటికి ముఖ్యమని ఒక దేశము అర్ధశతాబ్దికి పైగా నమ్మినదని గమనింపవలెను.

వెలుగు తగ్గించినచో చాలునా యన్న ప్రశ్నకు యుద్ధకాలము బదులు చెప్పినది. 1939 సెప్టెంబరులో బ్రిటనులో చీకటి ఆజ్ఞ వచ్చి, కారు దీపములకు మూతలు పెట్టి సన్నని చీలికల గుండ మాత్రమే వెలుగును పోనిచ్చిరి. 1941లో ఆ దేశపు రోడ్లపై తొమ్మిది వేల మందికి పైగా మరణించిరి. పెట్రోలు కరువై కార్లు తగ్గిన కాలమున ఆ దేశ చరిత్రలోనే అత్యధిక సంఖ్య అది. కనుక తక్కువ వెలుగు గొప్ప గుణము కాదు. వెలుగు కావలెను, అది ఉండవలసిన చోటనే ఉండవలెను.

తరువాతి మెట్టు హాలోజెన్. మామూలు బల్బులో టంగ్‌స్టన్ తంతువు వేడికి కొంచెము కొంచెముగా ఆవిరియై గాజుపై నల్లగా పేరుకొనును. గాజులో అయొడిన్ గాని బ్రోమిన్ గాని కొంచెము చేర్చినచో ఆ ఆవిరి దానితో కలిసి మరల తంతువు చెంతకు చేరి అచ్చటనే విడిపోవును. గాజు నల్లబడదు, తంతువును మునుపటికంటె వేడిగా, అనగా తెల్లగా, వెలిగింపవచ్చును. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన ఎల్మర్ ఫ్రిడ్రిచ్, ఎమ్మెట్ వైలీ ఈ బల్బుకు 1959లో హక్కుపత్రము పొందిరి. 1962లో ఐరోపాలో ఇది కారు దీపముగా మారినది. 1971లో రెండు తంతువుల హాలోజెన్ బల్బు వచ్చినది. హెచ్-4 అను పేరుతో మన మెకానిక్కులందరు ఎరిగినది ఆ బల్బే.

ఇక జెనాన్. 1898లో లండను యూనివర్సిటీ కాలేజీలో విలియం రామ్సే, మోరిస్ ట్రావర్సు అను ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు ద్రవరూపమున మార్చిన గాలిని మరిగించి, మిగిలిన మడ్డిలో ఒక క్రొత్త వాయువును కనుగొనిరి. ఎవరితోను కలియని ఆ వాయువునకు గ్రీకు భాషలో 'పరదేశి' యని అర్థమిచ్చు పేరు పెట్టిరి. కోటి పదిహేను లక్షల పాళ్ళ గాలిలో అది ఒక పాలు మాత్రమే. ఈ రామ్సే మనకు బొత్తిగా పరదేశి కాడు. జంషెడ్జీ టాటా సంకల్పించిన విజ్ఞాన సంస్థకు తగిన స్థలము చెప్పుటకై 1900 ప్రాంతమున మన దేశమునకు వచ్చి బెంగుళూరును సూచించినవాడు ఆయనయే. 1904లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది.

జెనాన్ దీపములో తంతువు లేదు. చిక్కుడు గింజంత స్ఫటికపు గోళములో రెండు కడ్డీల కొనలు నాలుగు మిల్లీమీటర్ల ఎడమున ఉండును. వాటి నడుమ జెనాన్ వాయువును, కొన్ని లోహ లవణములును నింపుదురు. మొదట ఇరువది వేల వోల్టులకు పైబడిన ఒక్క దెబ్బతో చిన్న మెరుపు పుట్టును. జెనాన్ వెంటనే వెలుగును. కొలది క్షణములలో లవణములు ఆవిరియై అసలు వెలుగును ఇచ్చును. అటుపిమ్మట దానిని నిలుపుటకు 35 వాట్ల శక్తి చాలును. ఈ పనిని బ్యాలస్టు అను చిన్న పెట్టె నిర్వహించును. 1991లో బి.ఎం.డబ్ల్యు. వారి పెద్ద కారు ఈ దీపముతో మొదట వెలువడినది. 55 వాట్ల హాలోజెన్ బల్బు రకమును బట్టి వేయినుండి పదునైదు వందల ల్యూమెనుల కాంతి నిచ్చుచుండగా, 35 వాట్ల జెనాన్ సుమారు 3200 ల్యూమెనులు ఇచ్చును. తక్కువ శక్తితో రెట్టింపునకు మించిన కాంతి, పగటి వెలుగునకు దగ్గరి వన్నె. ఆకర్షణ సహజమే.

కాని ఆ కారు తయారుచేసినవారు గోళమును ఒక్కదానినే మార్చలేదు. ఆ మెరుపు ఆకారమునకు తగిన దర్పణమును, ముందు కటకమును, వెలుగు అంచును కత్తితో కోసినట్లు నిలుపు రేకును క్రొత్తగా లెక్కించి చేసిరి. ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘము ఈ దీపములకు వేరుగా నియమములు వ్రాసినది. దగ్గరి వెలుగు మూలము 2000 ల్యూమెనులను మించినచో, వెనుక సీటులో బరువు పెరిగి కారు ముక్కు పైకి లేచినను కాంతి పైకి లేవకుండ తనంత తానుగా సరిచేయు ఏర్పాటు ఉండవలెను. దీపపు అద్దమును కడుగు నీటి పిచికారియు ఉండవలెను. అద్దముపై దుమ్ము పడినచో కాంతి చెదరి నలుదిక్కుల కంటిలో పడును గదా! వెలుగు పెరిగినకొలది బాధ్యతయు పెరిగినదని దీని భావము.

బజారులోని చౌక సెట్టు ఈ మొత్తమునుండి గోళమును, బ్యాలస్టును మాత్రమే ఊడదీసి పెట్టెలో పెట్టినది. దానిని హాలోజెన్ బల్బు కొరకు చేసిన దర్పణములో దూర్చుదురు. అప్పుడు ఏమగును? తంతువు నిటారైన సన్నని దారము. మెరుపు కొంచెము పైకి వంగిన విల్లు. తంతువు ఉండవలసిన చోటినుండి వెలుగు ఒక మిల్లీమీటరు తొలగినను దర్పణము దానిని మీటర్ల కొలది తప్పుచోట పారవేయును. పూర్వము చెప్పుకొన్న లోహపు దొప్ప లేకపోవుటచేత గాని, ఉన్నను చోటు తప్పుటచేత గాని, వెలుగు దర్పణపు క్రింది సగముపైకి పోయి అచ్చటనుండి ఆకాశమునకును ఎదుటివాని ముఖమునకును ఎగురును. డ్రైవరునకు మాత్రము తన ముందు పది మీటర్ల రోడ్డు పట్టపగలువలె కనబడును. ఆ దగ్గరి మెరపునకు అతని కనుపాప ముడుచుకొని, దూరమున నున్నది మరింత చీకటియగును. బాగుగా కనబడుచున్నదను భ్రమ, నిజముగా కనబడుట, ఈ రెండును వేరు.

ఇది పుస్తకములలో చదివి చెప్పుట కాదు. ఒక రాత్రి మేము ఏలూరునుండి జంగారెడ్డిగూడెము పోవు దారిలో కారు నడుపుచుంటిమి. ఎదురుగా నీలపు వన్నె దీపములతో ఒక కారు వచ్చినది. మేము రెండుమార్లు డిప్పర్ కొట్టితిమి, అతడును కొట్టెను. అతని దీపము అప్పటికే క్రిందికి వంచియే ఉన్నది కాబోలు! అయినను ఆ వెలుగులో మాకు రోడ్డు, చెట్లు, ఆకాశము ఏమియు కనబడలేదు. వేగము తగ్గించితిమి. ఆ కారు దాటిపోయిన తరువాత కూడ కన్నులలో నల్లని మచ్చలే. ఆ మచ్చలు కరగుసరికి ఎండుగడ్డి వేసికొని పోవుచున్న ట్రాక్టరు తొట్టి మాకు నాలుగు బారల దూరమున ఉన్నది. దానికి వెనుక దీపము లేదు. గడ్డిపై ఇద్దరు కూలివాండ్రు పండుకొని ఉండిరి. బ్రేకు పట్టినది, మేము ఆగితిమి. వారు లేవను కూడ లేదు. ఆ నీలి దీపముల కారువానికి తన వెనుక ఏమి జరిగినదో నేటికిని తెలియదు. అతడు దుష్టుడు కాడు. తనకు బాగుగా కనబడవలెనని కోరుకొన్నవాడు మాత్రమే.

కంటి లోపలి ఏర్పాటు అట్టిది. చీకటికి అలవాటుపడిన కన్ను మిరుమిట్లు గొన్నచో మరల పూర్తిగా చీకటికి అలవాటుపడుటకు అరగంట వరకు పట్టవచ్చును. అవసరమైనంత చూపు కొన్ని క్షణములలో తిరిగి వచ్చును గాని, గంటకు 60 కిలోమీటర్ల వేగమున ఒక్కొక్క క్షణమునకు 17 మీటర్ల దారి గడచుచుండును. వయస్సు మీరినవారికి ఆ క్షణములు మరికొన్ని ఎక్కువ.

ఇక మా మేనల్లుడు అడిగిన 4300, 6000, 8000 అంకెల సంగతి. అవి వెలుగు పరిమాణమును చెప్పవు. కెల్విన్ అను కొలతలో వన్నెను చెప్పును. 4300 దగ్గర తెలుపు, 6000 దాటినచో నీలిఛాయ, 8000 దగ్గర గాఢమైన నీలము. కారు తయారీవారు అమర్చు జెనాన్ దీపములు సుమారు 4000 మొదలు 4300 వరకు ఉండును, ఏలనగా ఉపయోగపడు కాంతి అచ్చటనే ఎక్కువ. అంకె పెరిగినకొలది సాధారణముగా కాంతి తగ్గును, కంటి బాధ పెరుగును. ఎక్కువ అంకె ఎక్కువ వెలుగని కొనువాడు తక్కువ వెలుగునకు ఎక్కువ ధర యిచ్చుచున్నాడు.

అయినచో దీపము చాలని కారువాడు ఏమి చేయవలెను? మొదట పాత దీపమును పరీక్షింపవలెను. నేటి దీపముల ముందు మూత గాజు కాదు, ప్లాస్టిక్కు. ఎండకు పసుపుబారి మసకబారును. దానిని మెరుగుపట్టించినంతనే వెలుగు తిరిగి వచ్చుట తరచు చూచుచున్నాము. పిదప బల్బు కొనలవద్ద వోల్టేజిని కొలిపింపవలెను. పాత తీగలలో వోల్టేజి పదవ వంతు తగ్గినచో హాలోజెన్ వెలుగు నూటికి 30 వంతులు తగ్గును. మంచి తీగలు, రిలే వేయించినచో ఆ నష్టము తీరును. వాట్లు పెంచిన బల్బు వేయరాదు. దాని వేడికి దర్పణము, హోల్డరు కరగిపోవును. తుదకు గుఱి సరిచూపింపవలెను. చదునైన నేలపై గోడకు 10 మీటర్ల దూరమున కారును నిలిపినచో, వెలుగు అంచు దీపపు మధ్యకంటె సుమారు 10 సెంటీమీటర్లు క్రిందుగా పడుట సాధారణపు లెక్క. కారు పుస్తకములో వేరుగా చెప్పినచో దానినే పాటింపవలెను.

ఇంతయు చేసినను చాలనిచో, జెనాన్ కావలెనన్నచో, గోళమును కాదు, సంపూర్ణ దీపమునే ఎంచుకొనవలెను. అనగా ఆ కారు నమూనాకే, జెనాన్ కొరకే చేసి పరీక్షించిన దీపము. గుర్తులు చూచుట కష్టము కాదు. అంతర్జాతీయ నియమముల ప్రకారము పరీక్షించిన దీపపు అద్దముపై గుండ్రని గీతలో 'ఇ' అక్షరమును, ప్రక్కన కొన్ని అక్షరములును ఉండును. 'హెచ్.సి.' యన్నచో అది హాలోజెన్ దగ్గరి వెలుగుకు చేసినది, 'డి.సి.' యన్నచో జెనాన్ వంటి మెరుపు దీపమునకు చేసినది. 'హెచ్.సి.' దీపములో జెనాన్ గోళమునకు చోటు లేదు. ఎడమవైపు నడకకు మాత్రమే చేసిన దీపముపై, దాని ఎదుట నిలిచి చూచువానికి కుడివైపు చూపు బాణపు గుర్తు ఉండును. రెండు వైపులకు పనికివచ్చు దానిపై రెండు మొనల బాణము ఉండును. బాణమే లేనిచో అది కుడివైపు నడక దేశములదని తెలిసికొనవలెను. ఇక బ్యాలస్టు పెట్టెను ఇంటిలో విప్పరాదు. అందు వేల వోల్టుల శక్తి ఉండును. పాత రకపు గోళములలో పాదరసమును ఉండును గనుక పగిలినవానిని చేతితో ముట్టరాదు.

చట్టమును ఒక మాట చెప్పుచున్నది. 1988 మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను తయారీదారుడు నిర్దేశించిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చరాదనుచున్నది. 1989 కేంద్ర నియమములలో 106వది ముందు దీపపు కాంతి ఇతరుల కన్ను మిరుమిట్లు గొలుపని విధముగ శాశ్వతముగ క్రిందికి వంగియుండవలె ననుచున్నది. అమెరికా రోడ్డు భద్రతా శాఖయు హాలోజెన్ దీపములో దూర్చు జెనాన్ సెట్టు ఏదియు తమ ప్రమాణమునకు సరిపడదని తేల్చినది.

ఇప్పుడు జెనాన్ కాలమును వెనుకబడుచున్నది. 2007లో లెక్సస్ వారి కారుతో ఎల్.ఇ.డి. దగ్గరి వెలుగు మొదలై, క్రొత్త కార్లలో చాల భాగము జెనాన్ స్థానమును ఆక్రమించినది. వెంటనే బజారులో ఎల్.ఇ.డి. బల్బుల సెట్టులును వచ్చినవి. పేరు మారినది గాని ప్రశ్న మారలేదు. ఆ వెలుగు మూలము కొరకు ఈ దర్పణమును చేసిరా, లేదా? ఈ ప్రశ్న అడిగి కొనువాడు మోసపోడు.

మా మేనల్లుడు ఈ కథయంతయు విని, "మరి ఈ పెట్టె?" అని అడిగెను. దుకాణమువాడు తిరిగి తీసికొనలేదు. అతడు దానిని అటకపై పెట్టి, దీపపు మూతలు మెరుగుపట్టించి, తీగలు మార్పించి, గుఱి సరిచేయించెను. బల్బులు మాత్రము కారుతో వచ్చిన రకమువే క్రొత్తవి వేయించెను. మొన్న సంక్రాంతికి చీకటిపడిన తరువాత మా ఊరికి వచ్చినపుడు, వీధి మొగకు ఎదురేగిన మేము అతని కారు రాకను చూచితిమి. దీపములు మాకు కనబడినవి, దారి అతనికి కనబడినది. మేము చేతిని కన్నులకు అడ్డము పెట్టుకొనవలసిన పని లేకపోయినది.